కొరోల్లా వీవీటీ: ముందు సున్నా ఎక్కడుందో చూడు, టేబుల్ సంగతి తర్వాత

తమ్ముడూ, నీ ప్రశ్న చదివాను, పంపిన లాగ్ (నడిచేటప్పుడు బండి కంప్యూటర్ రాసిపెట్టిన అంకెలు) కూడా తెరిచి చూశాను. మిగతావాళ్ల కోసం సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. నీది 2006 కొరోల్లా 1.8, 1జెడ్‌జెడ్-ఎఫ్‌ఈ ఇంజిన్. ఇందులో వీవీటీ ఉంది, అంటే వాల్వుల్ని తెరిచే క్యామ్ షాఫ్ట్‌ని ఇంజిన్ నడుస్తుండగానే ముందుకీ వెనక్కీ జరిపే ఏర్పాటు. మూడు వారాల కింద కంపెనీ ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) తీసేసి బయటి ఈసీయూ పెట్టుకున్నావు. బండి స్టార్ట్ అవుతోంది, నడుస్తోంది. కానీ 2500 ఆర్పీఎం దగ్గర క్యామ్‌ని 25 డిగ్రీల దగ్గర నిలబడమంటే 18కీ 32కీ మధ్య ఊగుతోంది. నెట్‌లో దొరికిన క్యామ్ టేబుల్ ఎక్కించాక పికప్ ఇంకా పడిపోయింది. "అన్నా, పీఐడీ ఎంత పెట్టాలి? ఎవరి దగ్గరైనా మంచి టేబుల్ ఉంటే ఇప్పించండి" అన్నావు.

పీఐడీ అంటే క్యామ్‌ని టార్గెట్ దగ్గరికి తెచ్చే లెక్కలోని మూడు అంకెలు: తేడా ఎంత ఉందో పీ, ఆ తేడా ఎంత పోగుపడిందో ఐ, అది ఎంత వేగంగా మారుతోందో డీ చూస్తాయి. టేబుల్ అంటే ఏ ఆర్పీఎంలో, ఏ లోడ్‌లో క్యామ్ ఎన్ని డిగ్రీలు ఉండాలో రాసిన పట్టిక. రెండూ ఇవ్వను. ఎందుకంటే నీ లాగ్‌లో నువ్వు చెప్పని ఇంకో సంగతి ఉంది. ఐడ్లింగ్‌లో సోలనాయిడ్ డ్యూటీ (క్యామ్‌కి ఆయిల్ వదిలే కరెంటు వాల్వ్‌కి ఈసీయూ ఇచ్చే శాతం) సున్నా ఉన్నప్పుడు కూడా క్యామ్ యాంగిల్ 9 డిగ్రీలు చూపిస్తోంది. నువ్వు దాన్ని చూసి ఉంటావు, చిన్న తేడాలే అనుకుని వదిలేసి ఉంటావు. నీ గొడవ సగం అక్కడే ఉంది. ఆ 9 ఉన్నంతకాలం ఎవరి టేబుల్ తెచ్చి పెట్టినా నీ ఇంజిన్‌లో అది వేరే టేబులే అవుతుంది.

ఎందుకో చెప్తాను. ఈ ఇంజిన్‌లో కదిలేది ఇంటేక్ క్యామ్ ఒక్కటే. దాని చివర ఫేజర్ ఉంటుంది. ఫేజర్ బయటి డొల్లని టైమింగ్ చైన్ తిప్పుతుంది, లోపలి రెక్కలు క్యామ్‌కి బిగించి ఉంటాయి. రెక్కకి ఒక పక్క ఆయిల్ ఎక్కితే క్యామ్ ముందుకి, రెండో పక్క ఎక్కితే వెనక్కి. ఇంజిన్ ఆగినప్పుడు క్యామ్ పూర్తి రిటార్డ్‌లో, అంటే పూర్తిగా వెనక చివర, లోహానికి లోహం ఆనుకుని ఆగుతుంది. అక్కడ ఒక చిన్న పిన్ను పడి దాన్ని పట్టుకుంటుంది. అంటే డ్యూటీ సున్నా ఉంటే క్యామ్ ఆ చివరే ఉండాలి. స్క్రీన్ మీద 9 ఉందంటే క్యామ్ 9లో ఉందని కాదు. ఈసీయూ తప్పు చోటు నుంచి కొలుస్తోంది, అంతే.

ఇప్పుడు దీని వెనకాల ఏం జరుగుతుందో చూడు. ఐడ్లింగ్‌లో నీ టార్గెట్ 0. ఈసీయూకి 9 కనిపిస్తోంది. వెనక్కి తేవాలని డ్యూటీ తగ్గిస్తూ పోతుంది. క్యామ్ ఇప్పటికే గోడకి ఆనుకుని ఉంది, ఇంకెక్కడికి వస్తుంది? కానీ పీఐడీలోని ఐ ఊరుకోదు, మైనస్‌లో పోగుపడుతూనే ఉంటుంది. నువ్వు యాక్సిలరేటర్ తొక్కి టార్గెట్ 25 అయ్యాక ముందు ఆ పోగంతా కరగాలి, అప్పుడుగానీ క్యామ్ కదలదు. కదిలాక కూడా స్క్రీన్ మీద 25 అంటే అసలు క్యామ్ ఉండేది 16లో. పికప్ పోయిందంటే పోదా మరి!

చైన్ ఒక పన్ను జారిందేమో అని భయపడకు. పన్ను జారితే తేడా సాధారణంగా క్రాంక్ (పిస్టన్లు తిప్పే షాఫ్ట్) లెక్కలో 15 డిగ్రీలు దాటుతుంది. 2006 బండి కాబట్టి చైన్ సాగి రెండు మూడు డిగ్రీలు పోయి ఉండొచ్చు, కానీ సాగితే క్యామ్ వెనకబడుతుంది. నీకు ముందు చూపిస్తోంది. కాబట్టి ఇది క్యామ్ ఆఫ్‌సెట్ తప్పే, అంటే కొలత ఎక్కడి నుంచి మొదలెట్టాలో ఈసీయూకి చెప్పే అంకె తప్పు. లేదా క్రాంక్ ఆఫ్‌సెట్టే తప్పయి ఉండాలి. ఈ రెండోదాన్ని చాలామంది మర్చిపోతారు. క్యామ్‌ని కొలిచేది క్రాంక్‌తో పోల్చి. క్రాంక్ లెక్క తప్పితే క్యామ్ లెక్కా తప్పుతుంది, దాంతోపాటు నీ ఇగ్నిషన్ (ప్లగ్ నిప్పు) కూడా అంతే తేడాతో తప్పు చోటే కాలుతుంటుంది.

అందుకని మొదటి పని టైమింగ్ లైట్, అంటే ప్లగ్ నిప్పు పడ్డ ప్రతిసారీ వెలిగి పుల్లీ గీత ఎక్కడుందో చూపించే లైటు. ఈ ఇంజిన్‌లో కాయిల్ నేరుగా ప్లగ్ మీద కూర్చుంటుంది కాబట్టి లైట్ క్లిప్పు తగిలించడానికి వైరు ఉండదు. ఒకటో సిలిండర్ కాయిల్ పైకి లాగి, కాయిల్‌కీ ప్లగ్‌కీ మధ్య ఏ పాత బండిదో ఒక ప్లగ్ లీడ్ పెట్టు, దానికి క్లిప్పు వెయ్యి. ఈసీయూలో ఇగ్నిషన్‌ని 10 డిగ్రీల దగ్గర లాక్ చెయ్యి. ఇప్పుడు పుల్లీ గీత చైన్ కవర్ మీద 10 దగ్గర కనపడాలి. కనపడకపోతే క్రాంక్ ట్రిగ్గర్ ఆఫ్‌సెట్ మార్చు, టేబుల్ కాదు. పాత పుల్లీల్లో మధ్య రబ్బరు జారి గీతే అబద్ధం చెప్పే అవకాశం ఉంది. అనుమానం ఉంటే ప్లగ్ తీసి, రంధ్రంలో పొడవాటి స్ట్రా పెట్టి, పిస్టన్ పైకొచ్చే చోటు ఒకసారి చేత్తో తిప్పి చూసుకో.

తర్వాత మెల్లగా 3000 వరకు లేపు. గీత 10 దగ్గరే నిలవాలి. ఆర్పీఎం పెరిగేకొద్దీ గీత జరుగుతుంటే సెన్సార్ వైర్లు తారుమారు అయ్యాయేమో చూడు. ఈ ఇంజిన్‌లో క్రాంక్ సెన్సార్, క్యామ్ సెన్సార్ రెండూ రెండు వైర్ల మ్యాగ్నెటిక్ రకం. వైర్లు అటు ఇటు అయినా ఇంజిన్ స్టార్ట్ అవుతుంది, అదే దీంతో వచ్చిన చిక్కు. కాకపోతే ఈసీయూ, సెన్సార్ ముందు తిరిగే చక్రం మీది పన్ను అసలు అంచు కాకుండా వేరే అంచు పట్టుకుంటుంది, అది వేగంతోపాటు జరుగుతుంటుంది. నేనొకసారి దీని మీద రోజంతా పోగొట్టుకున్నాను. సాఫ్ట్‌వేర్‌లో ఉన్న ప్రతి సెట్టింగూ మార్చి మార్చి విసిగి, చివరికి కనెక్టర్‌లో రెండు పిన్నులు మార్చితే పది నిమిషాల్లో తేలింది. ఆ రోజు తిన్న తిట్లు ఇంకా గుర్తున్నాయి.

క్రాంక్ సరిపోయాక క్యామ్. ఇంజిన్ బాగా వేడెక్కనివ్వు. సోలనాయిడ్ కనెక్టర్ పూర్తిగా పీకెయ్. ఐడ్లింగ్‌లో కనపడే అంకెని చూసి, ఆఫ్‌సెట్‌లో అంత తీసేసి సున్నా చెయ్యి. ఒక డిగ్రీ అటు ఇటు వణికితే ఫర్వాలేదు. కనెక్టర్ పీకే ఉంచి 3000కి లేపు. అప్పుడూ సున్నానే ఉండాలి. ఉంటే ఇక నీ స్క్రీన్ మీద అంకెని నమ్మొచ్చు. నువ్వు వాడే ఈసీయూ స్పీడ్యునో అయినా, లింక్ అయినా, హాల్టెక్ అయినా ఈ పని ఇంతే. మెనూలో పేర్లు మారతాయి.

ఇక ఆయిల్. నవ్వకు, వీవీటీ అంటే సగం ఆయిలే. క్యామ్‌ని తిప్పేది కరెంటు కాదు. ఆయిల్ ప్రెజర్ తిప్పుతుంది, కరెంటు దానికి దారి చూపిస్తుంది. ఒక బండి గురించి చెప్తాను. డిసెంబరులో వచ్చింది. పొద్దున పూట క్యామ్ అడిగిన రెండు సెకన్లకిగానీ కదలదు. మధ్యాహ్నానికి కొంచెం నయం. నేను పీఐడీతో రెండు రోజులు కుస్తీ పట్టాను. తర్వాత డిప్‌స్టిక్ తీసి వేళ్ల మధ్య రాసి చూస్తే ఆయిల్ జిగురులా ఉంది. అడిగితే తెలిసింది, పాత ఇంజిన్ కదా చిక్కటిది మంచిదని ఎవరో మెకానిక్ 20డబ్ల్యూ-50 పోశాడట. 5డబ్ల్యూ-30 పోసి, ఫిల్టర్ మార్చాక ఆ రెండు రోజుల అంకెలన్నీ చెరిపేసి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను.

ఆయిల్ మార్చినా ఇంకా బద్ధకంగానే ఉంటే జాలీ చూడు. ఆయిల్ కంట్రోల్ వాల్వ్‌కి (సోలనాయిడ్ ఉండేది దీనిలోనే) దగ్గర్లో, హెడ్‌కి ఒక బోల్ట్ ఉంటుంది. దాని వెనక వేలి చివరంత సన్నటి జాలీ ఫిల్టర్ ఉంటుంది. సర్వీసుల్లో దాన్ని ఎవరూ ముట్టుకోరు, ఉందని తెలిసినవాళ్లే తక్కువ. ఆ డిసెంబరు బండిదే తీశాను. జాలీ కన్నాలు కనపడలేదు. నల్లటి మడ్డి కాటుకలా పట్టేసి ఉంది, నడుమ పాత గ్యాస్కెట్ గమ్ము ముక్క ఒకటి ఎర్రగా. పెట్రోల్‌లో నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే మెల్లగా అవతలి వెలుతురు కనపడింది. బోల్ట్ వాషర్ కొత్తది వెయ్యి, లేకపోతే ఆయిల్ కారుతుంది.

ఆ ఆయిల్ వాల్వ్ బతికే ఉందా అని చూడటానికి ఈసీయూ అక్కర్లేదు. చల్లగా ఉన్నప్పుడు దాని కాయిల్ రెసిస్టెన్స్ 7 నుంచి 8 ఓమ్‌ల దగ్గర ఉండాలి. ఇంజిన్ వేడెక్కాక ఐడ్లింగ్‌లో కనెక్టర్ పీకి, వాల్వ్‌కి బ్యాటరీ నుంచి నేరుగా 12 వోల్టులు ఒక్క క్షణం ఇవ్వు. ఇంజిన్ గడగడలాడాలి, లేదా ఆగిపోవాలి. ఐడ్లింగ్‌లో క్యామ్ పూర్తిగా ముందుకెళ్తే ఇంటేక్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ కలిసి తెరిచి ఉండే సేపు పెరిగి, కాలిన గ్యాస్ లోపలికి వెనక్కొస్తుంది. అందుకే ఆ గడగడ. ఏ మార్పూ లేకపోతే వాల్వ్ ఇరుక్కుందనో, ఆయిల్ అందట్లేదనో అర్థం.

వైరింగ్ గురించి ఒక్క మాట. సోలనాయిడ్ ఒక వైరు ఇగ్నిషన్ ఆన్ అయ్యాక వచ్చే 12 వోల్టులకి, రెండో వైరు కరెంటుని వేగంగా ఆన్, ఆఫ్ చేసే ఈసీయూ పీడబ్ల్యూఎం ఔట్‌పుట్‌కి. ఆ ఔట్‌పుట్‌లో ఫ్లైబ్యాక్ డయోడ్ (స్విచ్ ఆఫ్ అయినా కాయిల్ కరెంటు తిరగడానికి దారి ఇచ్చేది) లేకపోతే బయట ఒకటి పెట్టుకో. డయోడ్ లేకపోతే ప్రతిసారి స్విచ్ ఆఫ్ అయినప్పుడు కాయిల్ కరెంటు ఒక్కసారిగా పడిపోతుంది. అప్పుడు డ్యూటీకీ కరెంటుకీ పొంతన ఉండదు. డ్రైవర్ చిప్ కూడా పెనంలా కాలుతుంది. ఫ్రీక్వెన్సీ 200 నుంచి 300 హెర్ట్జ్ మధ్య పెట్టు. మరీ తక్కువ పెడితే ఆ దడకి క్యామ్ కూడా వణుకుతుంది.

ఇప్పుడు నువ్వు అడిగిన ఊగులాట. దీన్ని అర్థం చేసుకోవడానికి ఇంటి మీద వాటర్ ట్యాంకు గుర్తుతెచ్చుకో. నల్లా ఎంత తిప్పావన్నది నీళ్లు ఎంత వేగంగా ఎక్కుతాయో చెప్తుంది, ట్యాంకులో ఎన్ని నీళ్లున్నాయో చెప్పదు. డ్యూటీ కూడా అంతే. 60 డ్యూటీ ఇస్తే క్యామ్ 60 శాతం దగ్గర ఆగదు, చివరిదాకా పోతూనే ఉంటుంది. మధ్యలో ఒక డ్యూటీ ఉంటుంది. అక్కడ వాల్వ్ రెండు దారులూ మూసేస్తుంది, క్యామ్ ఉన్నచోటే నిలబడుతుంది. దాన్నే హోల్డ్ డ్యూటీ అంటాం. మొత్తం పీఐడీ ఈ ఒక్క అంకె మీద నిలబడుతుంది. నువ్వు అందులో 50 అని పెట్టావు, బహుశా సాఫ్ట్‌వేర్‌లో ముందే ఉన్న అంకె అదే అయ్యుంటుంది.

నీ ఇంజిన్‌ది ఎంతో నువ్వే కనిపెట్టాలి. ఆయిల్ వేడిగా ఉండాలి. ఓపెన్ లూప్‌లో (ఈసీయూ సర్దకుండా నువ్వే డ్యూటీ ఇచ్చేలా) పెట్టి, 2500 దగ్గర ఇంజిన్‌ని నిలబెట్టి, డ్యూటీ 35 నుంచి ఒక్కో శాతం పెంచు. ప్రతిసారి ఐదారు సెకన్లు ఆగు. ఒకచోట క్యామ్ మెల్లగా ముందుకి పాకడం మొదలవుతుంది. అది 20 డిగ్రీలకి రాగానే డ్యూటీ తగ్గించు, వెనక్కి పాకే చోటు దొరుకుతుంది. రెంటికీ మధ్యలో ఉన్నది హోల్డ్. నీ లాగ్‌లో ఊగులాట మధ్య క్షణాలు చూస్తే నాకు 43 దగ్గర అనిపిస్తోంది. కానీ నా అంచనా పట్టుకుని పెట్టెయ్యకు, కొలువు. బ్యాటరీ వోల్టేజ్ తగ్గినా, కాయిల్ వేడెక్కినా అది ఒకటి రెండు శాతం మారుతుంది. ఈసీయూలో వోల్టేజ్ కరెక్షన్ టేబుల్ ఉంటే వాడుకో.

హోల్డ్ సరిగ్గా ఉంటే పీ ఒక్కటే దాదాపు పని చేసేస్తుంది. ఐ అనేది హోల్డ్‌లో మిగిలిన చిన్న తప్పు సర్దడానికి మాత్రమే, కాబట్టి చాలా తక్కువ. నీ ఊగులాట మూడు సెకన్లకి ఒక చుట్టు. ఇంత నిదానంగా ఊగేది ఐ ఎక్కువైతేనే. హోల్డ్ ఏడు శాతం తప్పు, ఆ తప్పుని ఐ మోస్తోంది. మోసి మోసి దాటేస్తోంది, మళ్లీ వెనక్కి వస్తోంది. ఐ సున్నా చేసి, పీ కొంచెం కొంచెం పెంచుతూ పో. సెకనుకి రెండు మూడు సార్లు బుడబుడమని వణికితే పీ ఎక్కువైందని. అక్కడి నుంచి మూడో వంతు తగ్గించు. తర్వాత ఐ చిటికెడు.

డీ గురించి నా అభిప్రాయం వేరే. ఈ ఇంజిన్ క్యామ్ మీద పళ్లు మూడే. 800 ఆర్పీఎంలో ఒక పూర్తి చక్రానికి 150 మిల్లీసెకన్లు పడుతుంది, అందులో క్యామ్ ఎక్కడుందో ఈసీయూకి తెలిసేది మూడుసార్లు. మిగతా సమయమంతా అది పాత అంకెనే చూస్తుంటుంది. అలాంటి మెట్ల మెట్ల సిగ్నల్ మీద డీ పెట్టడం అంటే గతుకుల రోడ్డు మీద టీ గ్లాసు పట్టుకోవడమే. చాలాసార్లు డీ సున్నాతోనే వదిలేస్తాను. ఈ కారణానికే ఐడ్లింగ్‌లో క్యామ్‌ని అసలు కదపను. నీళ్ల వేడి 60 డిగ్రీలు దాటాక, 1200 ఆర్పీఎం పైన మాత్రమే వీవీటీ మొదలవ్వాలి. అంతకు కింద వేడి ఆయిల్ ప్రెజర్ కూడా ఎలాగూ నీరసంగా ఉంటుంది. ఇంకోటి, టార్గెట్ 0 ఉన్నప్పుడు ఐ పోగుపడకుండా ఆపే సెట్టింగ్ ఉంటే ఆన్ చెయ్యి.

ముందుకెళ్లేటప్పుడు కన్నా వెనక్కి వచ్చేటప్పుడు క్యామ్ వేగంగా కదులుతుంది. అది తప్పు కాదు. వాల్వ్ స్ప్రింగుల బరువుతో పుట్టే రాపిడి క్యామ్‌ని మొత్తం మీద వెనక్కే లాగుతుంది. రెండు వైపులా ఒకేలా రావాలని కూర్చుంటే తెల్లారిపోతుంది.

ఇదంతా అయ్యాకే టేబుల్. ఇక్కడ కొంచెం ఆగి, క్యామ్ ముందుకి జరిగితే ఏమవుతుందో చెప్తాను, లేకపోతే మళ్లీ నెట్‌లో వెతకడానికి పోతావు. ఇంటేక్ వాల్వ్ మూసుకునేది పిస్టన్ కిందికి చేరాక కాదు, అది మళ్లీ పైకి రావడం మొదలెట్టాక. ఆర్పీఎం ఎక్కువ ఉంటే లోపలికి దూసుకొచ్చే గాలికి ఊపు ఉంటుంది, పిస్టన్ ఎదురొచ్చినా ఇంకా లోపలికే వస్తుంది. అక్కడ ఆలస్యంగా మూసుకోవడం లాభం. 2000 దగ్గర ఆ ఊపు ఉండదు, పీల్చిన గాలిలో కొంత పిస్టన్ వెనక్కి తోసేస్తుంది. అక్కడ క్యామ్‌ని ముందుకి జరిపి వాల్వ్‌ని తొందరగా మూస్తే గాలి లోపలే ఉంటుంది. కాబట్టి ఫుల్ థ్రాటిల్‌లో టేబుల్ కొండ ఆకారంలో వస్తుంది. కింద తక్కువతో మొదలై, మధ్యలో ఎత్తు, పైకి వెళ్లేకొద్దీ దిగుడు.

ఆ కొండ ఎక్కడ ఎంత ఎత్తో తెలుసుకోవడానికి ఒక్కటే నిజాయితీ గల దారి ఉంది. క్యామ్‌ని మొత్తం టేబుల్‌లో 0 పెట్టి ఒక ఫుల్ థ్రాటిల్ పరుగు, తర్వాత 10, 20, 30, 40. ఐదు టార్క్ గీతలు ఒకదాని మీద ఒకటి వేసి, ఏ ఆర్పీఎంలో ఏ గీత పైన ఉందో అదే టేబుల్‌లో పెట్టు. డైనో (బండి చక్రాల్ని రోలర్ల మీద తిప్పి టార్క్ కొలిచే యంత్రం) మీద గంట లోపు పని. డైనోకి గంట లెక్కన డబ్బులు కాబట్టి సున్నా, హోల్డ్, పీఐడీ ఇంటి దగ్గరే అయిపోవాలి. అక్కడికెళ్లి ఆయిల్ జాలీ కడుక్కుంటూ కూర్చుంటే నష్టం నీకే. ప్రతి పరుగులో ల్యాంబ్డా (గాలి, పెట్రోల్ పాళ్లు సరైనదానికి ఎంత దూరంలో ఉన్నాయో చెప్పే అంకె) ఒకేలా ఉండాలని మర్చిపోకు. లేకపోతే నువ్వు కొలిచేది క్యామ్‌ని కాదు, పెట్రోల్ తేడాని. నా చేతిలో నడిచిన ఒక 1జెడ్‌జెడ్‌లో 30 దాటాక మధ్య ఆర్పీఎంలో లాభం ఆగిపోయింది, 5500 తర్వాత 10 లోపే బాగుంది. అది ఆ ఎగ్జాస్ట్, ఆ ఎయిర్ ఫిల్టర్ డబ్బాతో వచ్చిన అంకె. నీది వేరేగా రావచ్చు. వస్తుంది కూడా.

డైనో కుదరకపోతే రోడ్డు మీద రెండో గేరులో చెయ్యి. ఈ బండికి రెండో గేరు 6000 అంటే 95 కిలోమీటర్ల దగ్గర, మూడో గేరులో అదే 135 దాటిపోతుంది. అది మన పని కాదు. ఒకే చోట, ఒకే దిశలో, 2500 నుంచి 3500కి ఎంత సేపు పట్టిందో లాగ్‌లో చూడు. తర్వాత 3500 నుంచి 4500. రోడ్డు వాలు కనపడకుండానే మోసం చేస్తుంది కాబట్టి ఎదురు దిశలో కూడా చేసి సగటు తీసుకో. ల్యాప్‌టాప్ పక్క సీట్లో ఇంకొకడి ఒళ్లో ఉండాలి. ఒంటరిగా చేస్తానంటే నన్ను ఇక ఏమీ అడగొద్దు.

క్రూజింగ్ సెల్స్ (నిలకడగా పోయేటప్పుడు వాడే టేబుల్ గళ్లు) దగ్గర పని వేరేగా ఉంటుంది, నాకు బాగా ఇష్టమైన భాగం కూడా ఇదే. తెల్లవారుజామున హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) ఎక్కు. శంషాబాద్ వైపు కొన్ని చదును ముక్కలు దొరుకుతాయి. మూడో గేరులో 3500 ఆర్పీఎం, అంటే సుమారు 80 కిలోమీటర్లు, నిలకడగా పట్టు. పక్కనున్నవాడు క్యామ్‌ని ఐదేసి డిగ్రీలు పెంచుతూ పోవాలి. నువ్వు చూడాల్సింది ఇంజెక్టర్ పల్స్, అంటే పెట్రోల్ చిమ్మే సేపు. క్యామ్ పెరిగేకొద్దీ అదే వేగానికి పల్స్ కొంచెం కొంచెం తగ్గుతుంది. ఒకచోట తగ్గడం ఆగుతుంది. ఇంకా పెంచితే బండి సన్నగా తడబడుతుంది, సీటు కింద తెలుస్తుంది. అక్కడి నుంచి ఐదు డిగ్రీలు వెనక్కి రా.

అప్పుడు మ్యాప్ సెన్సార్ (మానిఫోల్డ్‌లో, అంటే ఇంజిన్‌కి గాలి వెళ్లే గొట్టంలో, ప్రెజర్ కొలిచేది) చూస్తే కంగారు పడతావు. అదే వేగం, పెట్రోల్ తక్కువ, కానీ మానిఫోల్డ్ ప్రెజర్ 38 నుంచి 45 కిలోపాస్కల్‌కి పెరిగి ఉంటుంది. తప్పు కాదు, అసలు లాభం అక్కడిదే. కాలిన గ్యాస్ కొంత సిలిండర్‌లో మిగిలిపోతోంది, దాంతో మానిఫోల్డ్‌లో వ్యాక్యూమ్ తగ్గి, పిస్టన్ గాలి పీల్చడానికి పడే కష్టం తగ్గింది. కానీ ఆ సెల్స్‌లో వీఈ అంకెలు (సిలిండర్ ఎంత గాలి నింపుకుందో చెప్పే శాతాలు) కిందికి దిగుతాయి. టేబుల్‌లో గుంట పడినట్టు కనపడుతుంది. దాన్ని స్మూత్ చేసేస్తే మిక్స్చర్ రిచ్ అయిపోతుంది (పెట్రోల్ ఎక్కువవుతుంది), వదిలెయ్. అక్కడ ఇగ్నిషన్ కూడా కొన్ని డిగ్రీలు ముందుకి కావాలి, ఎందుకంటే పాత గ్యాస్ కలిసిన మిక్స్చర్ నిదానంగా కాలుతుంది. ఫుల్ థ్రాటిల్‌లో దీనికి తలకిందులు. 2000 దగ్గర క్యామ్ ముందుకి వేసి గాలి ఎక్కువ పట్టించావు కాబట్టి అసలు కంప్రెషన్ పెరుగుతుంది, నాకింగ్ (మిక్స్చర్ దానంతటదే పేలి టకటకమనడం) తొందరగా వస్తుంది. కంప్రెషన్ రేషియో 10:1 ఉన్న ఇంజిన్, మామూలు పెట్రోల్, మే నెల ఎండ. ఈ మూడూ కలిసినప్పుడు అక్కడ ఇగ్నిషన్ ఒకటి రెండు డిగ్రీలు ముందే తగ్గించి పెట్టుకో.

పెట్రోల్ మాట వచ్చింది కాబట్టి, గేజ్‌ని ల్యాంబ్డాలోకి మార్చు. ఇప్పుడు బంకుల్లో దొరికేది ఈ20 (20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్), దానికి గాలి, పెట్రోల్ సరైన పాళ్లు 14.7 కాదు, 13.5 దగ్గర. 14.7 స్కేల్ పట్టుకుని వేరే దేశం వాళ్ల అంకెలతో పోల్చుకుంటే తలనొప్పి తప్ప ఏమీ మిగలదు.

వీఈ టేబుల్ చివరి పని. క్యామ్ టార్గెట్లు మారిన ప్రతిసారీ కింద వీఈ మారుతుంది, అందుకే ముందు వీఈ చక్కబెట్టుకుని తర్వాత క్యామ్ ముట్టుకుంటే రెండుసార్లు పని. రెండు టేబుళ్లకీ ఒకే ఆర్పీఎం, ఒకే లోడ్ గీతలు పెట్టుకో. పక్కపక్క సెల్స్‌లో 8, 35 అని పెట్టకు. క్యామ్ అంత గబుక్కున రాదు. అది దారిలో ఉండగా పెట్రోల్ మాత్రం చేరిపోయినట్టు లెక్క వేస్తుంది. యాక్సిలరేటర్ తొక్కగానే ఒక క్షణం లీన్ (పెట్రోల్ తక్కువ) అయ్యే జబ్బు చాలా బండ్లలో ఇదే.

మన ఊరికి మాత్రమే వర్తించే సంగతి ఒకటి. హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తులో ఉంది. ఇక్కడ ఫుల్ థ్రాటిల్ తొక్కినా మ్యాప్ 94, 95 కిలోపాస్కల్ దాటదు. నీ టేబుల్‌లో పై వరుస 100 ఉంది, దాని కింద 90. అంటే నువ్వు ఎప్పుడూ ఆ రెంటి మధ్యే ఉంటావు, 100 వరుసని నేరుగా ఎప్పటికీ ట్యూన్ చెయ్యలేవు. అందుకని 95 అని ఒక వరుస వేసుకుని దాన్ని ట్యూన్ చెయ్యి. దాని పైన 100 వరుసలో అదే క్యామ్, అదే వీఈ కాపీ కొట్టి ఇగ్నిషన్ మాత్రం ఒక డిగ్రీ తగ్గించు. ఏదో ఒక సంక్రాంతికి బండి వేసుకుని విశాఖపట్నమో కాకినాడో పోతావు. అక్కడ మ్యాప్ 100 దాటుతుంది. ఇక్కడెప్పుడూ ముట్టుకోని సెల్స్‌లో ఇంజిన్ ఫుల్ లోడ్ మీద నడుస్తుంది. నా దగ్గరికి ఒకరు సరిగ్గా అలాగే వచ్చారు, ఇక్కడ నాకింగ్ లేని బండి సముద్రం ఒడ్డున టకటకమంది.

క్యామ్‌ని కంపెనీదే ఉంచినంతకాలం ఈసీయూ తప్పు అంకె ఇచ్చినా వాల్వ్ పిస్టన్‌కి తగులుతుందన్న భయం లేదు, ఫేజర్ దాని గోడ దాటి పోలేదు. బయటి క్యామ్ వేస్తే మాత్రం పిస్టన్ మీద మైనం ముద్ద పెట్టి గ్యాప్ కొలిచాకే ఏదైనా. ఈ పద్ధతి చదివి హోండా సిటీ 2008 వాళ్లు కూడా అడుగుతారు కాబట్టి ముందే చెప్తున్నాను. ఆ 1.5 ఐ-వీటెక్‌లో క్యామ్ ముందుకీ వెనక్కీ జరగదు, వాల్వ్ ఎత్తు మారుతుంది. దానికి కావాల్సింది ఆన్, ఆఫ్ స్విచ్చే, ఇదంతా అక్కర్లేదు.

ఈ ఆదివారం టైమింగ్ లైట్, సున్నా, హోల్డ్, ఈ మూడే చెయ్యి. ఆ నెట్ టేబుల్ తీసేసి మొత్తం 0 పెట్టి బండి నడుపు, పికప్ కొంచెం మందంగా ఉంటుంది కానీ ఇంజిన్‌కి ఏమీ కాదు. తర్వాత లాగ్ పంపేటప్పుడు క్యామ్ టార్గెట్, క్యామ్ యాంగిల్, డ్యూటీ, బ్యాటరీ వోల్టేజ్, నీళ్ల వేడి, ఈ ఐదూ ఉండేలా చూసుకో. ఈసారి పంపినదాంట్లో డ్యూటీ ఉంది కానీ వోల్టేజ్ లేదు. ఏ రకం ఆయిల్ పోశావో, ఎన్ని కిలోమీటర్లు అయిందో కూడా రాయి.